ఆపరేషనయ్యాక ముద్ద దిగడం లేదు, ఫెయిలయినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. చీపురుపల్లి దగ్గర కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఏళ్ల తరబడి గుండెల్లో మంట, పడుకుంటే పులినీళ్లు గొంతులోకి వచ్చేసేవి. మాత్రలతో విసిగిపోయి మూడు వారాల కింద విశాఖలో లాప్రోస్కోపీ ఆపరేషన్ చేయించుకున్నాను. మంట పోయింది. కానీ మెత్తటి అన్నం కూడా రొమ్ము వెనకాల ఆగినట్టుంటోంది, తేన్పు రాదు, కడుపు ఉబ్బరం, నాలుగు కిలోలు తగ్గాను. ఆపరేషన్ ఫెయిలయిందని ఇంట్లో ఒకటే టెన్షన్. పది రోజుల్లో సిరిమాను పండగ, చుట్టాలొస్తారు. అప్పటికి అందరితో పాటు తినగలనా? బియ్యం బస్తాలు ఎప్పటి నుంచి ఎత్తొచ్చు?
- ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: మంట పోయిందని మీరే రాశారు. ఆపరేషన్ చేసింది దానికోసమే కాబట్టి ఫెయిలయిందన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. మీ జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక కింది కొస చుట్టూ, మెడకి కండువా చుట్టినట్టు చుట్టి కుట్టారు. కొందరికి పూర్తి చుట్టు వేస్తారు, కొందరికి ముప్పావు చుట్టే. కుట్టిన చోట వాపు ఉంటుంది, దారి కొన్నాళ్లు ఇరుకవుతుంది, అందుకే ముద్ద ఆగినట్టుంటుంది. చాలామందికి ఇది ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు సర్దుకుంటుంది. మూడు నెలలైనా తగ్గకపోతే బేరియం ఎక్స్‌రే (తెల్లటి మందు తాగించి తీసే ఎక్స్‌రే), ఎండోస్కోపీ చేసి చూస్తారు, అవసరమైతే బెలూన్‌తో ఆ దారిని కొంచెం సాగదీస్తారు. తిండి తగ్గింది కాబట్టి బరువూ తగ్గింది. మామూలుగా తినడం మొదలుపెట్టాక చాలావరకు తిరిగి వస్తుంది, కానీ వారం వారం ఇంకా తగ్గిపోతుంటే మాత్రం మీ సర్జన్‌కి చెప్పండి.

తేన్పు సంగతి వేరు. ఆమ్లాన్ని పైకి రానివ్వని ఆ చుట్టే గాలినీ రానివ్వదు. కొందరికి నెలలు గడిచాక కొంత వస్తుంది, కొందరికి మునుపటిలా రాదు, గ్యాస్ కిందనుంచే ఎక్కువగా పోతుంది. ఆపరేషన్‌కి ముందే ఈ మాట మీకు ఎవరైనా వివరంగా చెప్పి ఉండాల్సింది, చెప్పి ఉంటే ఇంట్లో ఇంత భయం ఉండేది కాదు. తేన్పు తెప్పించుకోవాలని గాలి మింగకండి, ఉబ్బరం పెరుగుతుంది. ఉబ్బరమనగానే మనవాళ్లు సోడా తాగుతారు, మీకిప్పుడు అదే పనికిరాదు.

పండగకి చుట్టాలతో కూర్చోండి, కానీ మాంసం, పూరీ, చపాతీ, బ్రెడ్డు ఈసారికి వదిలేయండి, గొంతు దిగాక ఇరుక్కునేవి ఇవే. పల్చటి చోడి (రాగి) అంబలి, బాగా ఉడికిన పెసరపప్పుతో మెత్తగా కలిపిన అన్నం, పెరుగు, మగ్గిన అరటిపండు కొంచెం కొంచెంగా రోజుకి ఐదారుసార్లు తినండి, నిటారుగా కూర్చుని బాగా నమిలి మింగండి. ఒక్క ముద్ద తినమని బలవంతం చేసేవాళ్లకి డాక్టరు వద్దన్నారని నా మీద పెట్టేయండి. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ సర్జన్ ఇచ్చిన చార్టు ప్రకారమే.

కొట్లో కూర్చోవచ్చు. బస్తాలు మాత్రం కనీసం ఆరు వారాలు ముట్టుకోవద్దు, ఆ తర్వాత కూడా సర్జన్ చూసి సరే అన్నాకే, అదీ చిన్న బరువులతో మొదలుపెట్టి. బలంగా ఎత్తితే పొట్టలో ఒత్తిడి పెరిగి కుట్లు లాగుతాయి.

ముందు ముందు సంగతి కూడా చెప్పాలి. ఎక్కువమందికి గుండె మంట విషయంలో ఈ ఆపరేషన్ ఏళ్లపాటు బాగా పనిచేస్తుంది, కొందరికి మాత్రం కొన్నేళ్ల తర్వాత మళ్లీ మాత్రలు అవసరమవుతాయి. దగ్గు, గొంతు బొంగురు లాంటివి ఉంటే అవి మంట తగ్గినంత ఖాయంగా తగ్గవు.

వికారం మొదలైతే ఓర్చుకుంటూ కూర్చోకండి, వెంటనే మీ సర్జన్‌కి ఫోన్ చేసి మాత్ర అడగండి, డోకులు గట్టిగా వస్తే చుట్టు జారే ప్రమాదముంది. మంచినీళ్లు, ఉమ్మి కూడా దిగకపోయినా, జ్వరం, ఆయాసం, పెరిగే ఛాతీ నొప్పి, కడుపునొప్పి వచ్చినా, రక్తం కక్కినా, మలం నల్లగా తారులా వచ్చినా పండగ రోజైనా సరే బయల్దేరి ఆస్పత్రికి వెళ్లండి, పొద్దున్న చూద్దామని ఆగొద్దు.