కోలాలో నానిన గుడ్డు పెంకు బరువు ఎందుకు పెరిగింది?
కోలా పళ్లకు ఏం చేస్తుందో చూడటానికి, పంటికి బదులు గుడ్డు పెంకును కోలాలో నానబెట్టి, ముందూ తర్వాతా తూచే ప్రయోగం ఇది. కోలాలోని ఆమ్లం పెంకును కరిగిస్తుంది కాబట్టి బరువు తగ్గాలి. తగ్గాల్సింది పోయి పెరిగిందంటే, దాదాపుగా తడి వల్లే. పెంకు లోపల అంటుకుని ఉండే పల్చని పొర నీళ్లు పీల్చుకుంటుంది. చాలామంది దాన్ని తీయకుండా వదిలేస్తారు.

1. నానబెట్టక ముందే ఆ పొర తీసేయండి. కాస్త తడిపి, అంచు దగ్గర గోటితో లాగితే ఊడి వస్తుంది.
2. రోజంతా ఆరబెట్టి తూచండి. నానాక బాగా కడిగి, మళ్లీ అంతసేపూ ఆరబెట్టాకే తూచండి. గుడ్డతో అద్దితే చాలదు. కోలాలోని చక్కెర అంటుకుని ఉన్నా బరువు పెరుగుతుంది.
3. మంచినీళ్లు, చక్కెర నీళ్లు కూడా వేరే గ్లాసుల్లో పోసి, వాటిలోనూ పెంకు నానబెట్టండి. అవి లేకుండా, కరిగించింది ఆమ్లమా చక్కెరా అన్నది తేలదు.

నివేదికలో పంటి గురించి జాగ్రత్త: పెంకు కాల్షియం కార్బొనేట్, ఎనామెల్ (పంటి పైన ఉండే గట్టి పొర) ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేట్. పెంకు కరిగిన వేగాన్ని పంటికి అంటగట్టకండి.