టెక్ సందేహాలు: దేవుడి ఆగ్రహమా, బ్యాటరీ ఉబ్బా?

ఓ పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి: బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పని చేస్తున్నాను. ఆఫీసు ల్యాప్‌టాప్ ఈ మధ్య కాసేపు నడిచి టక్కున ఆగిపోతోంది. ఫ్యాన్ ఒకటే రొద. టచ్‌ప్యాడ్ నొక్కినా క్లిక్ అవడం లేదు. దేవుణ్ణి కించపరిచారంటూ గొడవ జరుగుతున్న సినిమా ట్రైలర్‌ని అందులో చూశాను, అందుకే ఇలా అయిందని మా అమ్మ అంటోంది. ఫ్రెండేమో వైరస్ అంటున్నాడు. ఫార్మాట్ కొట్టేయమంటారా?

ఫార్మాట్ వద్దు. అమ్మగారితో వాదనా వద్దు. మీరు రాసినవాటిలో నాకు టెన్షన్ పెట్టింది ఫ్యాన్ కాదు, టచ్‌ప్యాడ్. చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ అరచేతులు ఆనే చోట, టచ్‌ప్యాడ్ చుట్టుపక్కలే ఉంటుంది. అది ఉబ్బితే టచ్‌ప్యాడ్‌ని కింది నుంచి ఎత్తేస్తుంది, ఇక నొక్కుకోవడానికి సందు ఉండదు. ల్యాప్‌టాప్ ఆపేసి, ఛార్జర్ తీసి, నున్నటి గచ్చు మీద పెట్టి చూడండి. ఒక మూల తాకితే ఇంకో మూల లేస్తోందా? మూత మూసినా అంచు దగ్గర సందు కనిపిస్తోందా? అయితే బ్యాటరీ ఉబ్బిందనే అనుకోండి.

అలా ఉంటే మళ్ళీ ఆన్ చేయొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు. పరుపు మీద, కాగితాల పక్కన ఉంచకండి. పైన బరువు పెట్టి అణచడం, సూదితో పొడిచి గాలి తీయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే (వీడియోల్లో ఇది చేసి చూపించే మహానుభావులున్నారు). లోపల చేరింది మామూలు గాలి కాదు, లిథియం బ్యాటరీలోని రసాయనాలు చెడితే పుట్టే, అంటుకునే గుణమున్న వాయువు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళలో చాలామంది పొద్దున తగిలించిన ఛార్జర్ రాత్రికి గానీ తీయరు. నిండు ఛార్జ్, దానికి మన తిరుపతి ఎండ, రెండూ కలిస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. కొత్త బ్యాటరీ వచ్చాక ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి. లెనోవో, డెల్, హెచ్‌పీ, ఆసుస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అది ఉంటుంది.

ఉబ్బు ఏమీ లేదని తేలితే అప్పుడు స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ హిస్టరీ’ అని వెతకండి. ఏ రోజు ఏం చెడిందో తేదీలవారీగా ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని ఉంటే అదే జబ్బు అనుకోకండి. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెబుతుందే తప్ప ఎందుకు ఆగిందో చెప్పదు. ‘డబ్ల్యూహెచ్ఈఏ లాగర్’ పేరుతో ఎర్రర్లు ఉంటే మాత్రం హార్డ్‌వేర్‌నే అనుమానించాలి. మొదటి ఎర్ర గుర్తు ట్రైలర్ చూసిన రోజుకు ముందే పడి ఉంటే, అమ్మగారికి చూపించండి. యూట్యూబ్‌లో ట్రైలర్ చూసినంత మాత్రాన వైరస్ రాదు. ‘కట్ చేసిన సీన్’ అంటూ టెలిగ్రామ్‌లో వచ్చిన ఫైలేదైనా దింపుకుని ఉంటే మాత్రం ఆ సంగతి ఐటీవాళ్ళకి దాచకుండా చెప్పండి.

ఇది కంపెనీ సొత్తు కాబట్టి బజారులో విప్పించకండి. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే, దాన్ని తెరిచే రికవరీ కీ మీ ఐటీ విభాగం దగ్గరే ఉంటుంది. షాపువాళ్ళు మదర్‌బోర్డు మార్చారంటే మీ ఫైళ్ళు మీకే తెరుచుకోవు. ఫొటోలు తీసి, బ్యాటరీ ఉబ్బిందన్న మాట మెయిల్లో స్పష్టంగా రాయండి. ‘కొరియర్ చేసేయండి’ అని జవాబొస్తే ఒప్పుకోకండి. పాడైన లిథియం బ్యాటరీలను విమానంలో పంపకూడదు. టెక్నీషియన్నే పంపమనండి.

ఓ పాఠకురాలు, కట్టమంచి, చిత్తూరు: ఇలాంటి సినిమా గొడవే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నడుస్తోంది. మా బావగారు ఒక క్లిప్, దాని కింద ‘నిషేధించాలని సంతకం చేయండి’ అనే లింక్ పెట్టారు. ఆ లింక్ ఆధార్ నంబరు, ఓటీపీ అడుగుతోంది. చేయకపోతే భక్తి లేదంటారేమో!

సంతకానికి ఓటీపీ, ఆధార్ ఎందుకమ్మా? ఆ లింక్ ముట్టుకోకండి. క్లిప్ మీద జంట బాణాలతో ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయింది’ అని ఉందేమో చూడండి. అలాంటివాటిని వాట్సాప్ 2020 నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. అంటే ఎవరు తీశారో తెలియకుండా చేతులు మారి వచ్చిందన్నమాట. ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత సినిమా ముక్కో, వేరే భాషదో తేలిపోవచ్చు. డైలాగు మార్చి అతికించారేమో లెన్స్ చెప్పదు. దానికి అసలు ట్రైలర్ పక్కన పెట్టి వినాల్సిందే.

క్లిప్ నిజమైనదే, మీకు నిజంగానే బాధ కలిగిందనుకోండి. థియేటర్ సినిమా అయితే సెన్సార్ బోర్డుకి రాయొచ్చు, హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. మతాలను, వర్గాలను కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండకూడదని బోర్డు మార్గదర్శకాల్లోనే ఉంది, కాబట్టి ఏ సీన్, ఏ మాట అన్నది రాస్తేనే ఫిర్యాదుకి విలువ. ఓటీటీలో వచ్చినదైతే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. నిషేధం మాత్రం అంత సులువు కాదు. 2006లో క్రైస్తవ సంఘాల అభ్యంతరాలతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ది డావిన్సీ కోడ్’ని ఆపితే, ఆ ఏడాదే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. సినిమా చూడకుండా పెట్టే సంతకాల మీద నాకైతే పెద్ద నమ్మకం లేదు. బావగారికి గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేసి చెప్పండి, ఆయన అప్పటికే ఓటీపీ ఇచ్చేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

మరో పాఠకుడు, తిరుపతి: ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తిరుమల దర్శనం టికెట్ల సైట్ తెరుచుకోవడం లేదు.

ల్యాప్‌టాప్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే కంపెనీ వీపీఎన్ అడ్డుపడుతుండొచ్చు. మీ ఫోన్లో చేసుకోండి. సైట్ చిరునామా చివర ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.