చేయి చేసుకోకపోతే గృహ హింస కాదా?

ప్రశ్న: మా చెల్లెలికి పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ఉద్యోగం చేస్తోంది. జీతం పడిన రోజే భర్త మొత్తం తన ఖాతాకు మార్చుకుంటాడు. రోజూ రాత్రి ఖర్చుల లెక్క చూపించాలి. ఆటో చిల్లరలో తేడా వచ్చినా తెల్లవార్లూ నిలదీస్తాడు, పుట్టింటివాళ్లను కలిపి తిడతాడు. కొట్టడం మాత్రం లేదు. ఇల్లు మామగారి పేరున ఉంది కనుక ఎప్పుడైనా గెంటేస్తామంటున్నారు. ఆరేళ్ల మా మేనకోడలు తండ్రి బండి చప్పుడు వింటే మంచం కింద దూరుతోంది. 'కొట్టలేదుగా, సర్దుకుపోవాలి' అంటున్నారు మా నాన్నగారు. ఇది కేసవుతుందా? నేను ఫిర్యాదు చేయవచ్చా?

జవాబు: అవుతుంది. గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టంలోని 3వ సెక్షన్ శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా చేసే హింసను, ఆర్థికంగా చేసే హింసను కూడా గృహ హింసగానే నిర్వచించింది. మీ చెల్లెలి సంపాదన ఆమెకు దక్కకుండా చేయడం ఆర్థిక హింస. రాత్రంతా నిద్రపోనివ్వకుండా దోషిలా నిలబెట్టడం మానసిక హింస.

మీ నాన్నగారి మాట వెనుక కేసంటే జైలు, విడాకులు అన్న భయం ఉండవచ్చు. ఈ చట్టం కింద ఆమె విడాకులు కోరనక్కరలేదు. మేజిస్ట్రేటు హింసను ఆపమనే రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటేయకూడదనే నివాసపు ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, బిడ్డ తాత్కాలిక సంరక్షణ, మానసిక వేదనకు పరిహారం ఇప్పించగలరు. అత్యవసరమైతే అవతలి పక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వగలరు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించడం మాత్రం నేరం. దానికి ఏడాది వరకు జైలు గానీ, 20,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఇల్లు మామగారిదే అయినా, ఆమె కాపురం స్థిరంగా అక్కడే సాగుతున్నప్పుడు అది ఉమ్మడి నివాసం కిందికి వస్తుందని 2020లో సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టప్రకారం తప్ప ఆమెను వెళ్లగొట్టకూడదు. ఇది అక్కడ ఉండే హక్కే తప్ప ఇంటిపై యాజమాన్య హక్కు కాదు. పరిస్థితిని బట్టి వేరే వసతి గానీ అద్దె గానీ ఇమ్మని కూడా కోర్టు చెప్పవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మంచం కింద దూరే ఆ పాప. తనను ఎవరూ కొట్టకపోయినా, ఏ నిమిషాన ఏ గొంతు లేస్తుందోనని చెవులు రిక్కించి బతికే పిల్లలకు నిద్ర, చదువు, నలుగురితో కలవడం అన్నీ దెబ్బతింటాయి. పాపను పిల్లల మానసిక వైద్యుల వద్దకు తీసుకెళ్లండి. వారు రాసిచ్చే కాగితం బిడ్డ సంరక్షణ గురించి అడిగేటప్పుడు కూడా ఉపయోగపడుతుంది. మీ చెల్లెలు కూడా జరిగినది వరుసగా చెప్పలేకపోవచ్చు, ఒకసారి చెప్పినది మరోసారి తగ్గించి చెప్పవచ్చు. ఏళ్ల తరబడి 'తప్పు నీదే' అని విన్న మనిషికి తన జ్ఞాపకం మీదే నమ్మకం సన్నగిల్లుతుంది. దాన్ని అబద్ధంగా చూడకండి. తేదీలతో ఒక పుస్తకంలో రాసుకోమని చెప్పండి. ఆ పుస్తకం, జీతం బదిలీలు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ల నకళ్లు మీ ఇంట్లో ఉంచండి. భర్త ఆమె ఫోను చూస్తాడనుకుంటే ఈ సంగతులేవీ ఫోనులో రాయకండి.

ఇక మీ చివరి ప్రశ్న. ఈ చట్టం కింద బాధితులకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే రక్షణాధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చినవారిపై కేసు పెట్టడానికి 4వ సెక్షన్ ఒప్పుకోదు. ఆమె తరఫున మీరు 12వ సెక్షన్ కింద దరఖాస్తు కూడా వేయవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. మహిళా హెల్ప్‌లైను 181, తక్షణ ప్రమాదమైతే 112. అయితే ప్రాణాపాయం ఉంటే తప్ప ఆమెను అడగకుండా ఏ అడుగూ వేయవద్దు. ఫిర్యాదు సంగతి తెలిసిన రాత్రి ఆ ఇంట్లో ఉండవలసింది ఆమే కనుక, ఆ రాత్రి ఆమె, పాప ఎక్కడ ఉంటారో ముందే ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి.