బండి బాగోగులు: హెరాల్డ్ అడుగున తుప్పు

ప్రశ్న: చెన్నై బీసెంట్ నగర్‌లో ఉంటాం. మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్ కారుకు పైన రంగు వేయించాం. కింద పాత నల్లపూత పెచ్చులు లేస్తోంది. దాని మీదే రబ్బరు అండర్‌కోటింగ్ కొట్టేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదని షెడ్డువాళ్లు అంటున్నారు. కొట్టించవచ్చా?

జవాబు: వద్దండీ. లేచిన పెచ్చును స్క్రూడ్రైవర్‌తో ఎత్తి చూడండి. పైన నల్లగా, నున్నగా ఉంటుంది. వెనకవైపు ఎర్రటి పొడి అంటుకుని వస్తుంది. పగులులోంచి దూరిన నీరు బయటికి దారిలేక పూత కిందే ఉండిపోయిందన్నమాట. మీ పేటలో దానికి సముద్రపు ఉప్పు తోడు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని, వాన లేని రోజుల్లోనూ రేకును తడిగా ఉంచుతుంది.

మద్రాసులోనే తయారైన ఈ బండికి అంబాసిడర్, పద్మినిల్లా కాకుండా ఛాసిస్ వేరు. బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. తుప్పు ముందుగా తినేసేవి ఛాసిస్ నుంచి పక్కలకు చాచి బాడీని మోసే అవుట్‌రిగ్గర్లు, డిక్కీ కిందివి. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. స్క్రూడ్రైవర్ దిగబడిన చోట పుట్టీ, ఫైబర్ పెట్టనివ్వకండి. తినేసినంత మేరా కోసి, అంతే మందం రేకు వెల్డింగ్ చేయించాలి. ఒక్కో అవుట్‌రిగ్గరే మార్చాలి, మిగతా బాడీ బోల్టులు కదపకూడదు. రెండువైపులా ఒకేసారి కోస్తే బాడీ కుంగి తలుపులు సరిగ్గా పడవు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పి, డిక్కీలోని పెట్రోలు ట్యాంకు బయట పెట్టించండి.

ఇక పూత. పాతదాన్ని గీకి, జిగురును కిరోసిన్ గుడ్డతో తుడిచి, తుప్పును గ్రైండర్‌కు వైర్ కప్పు బిగించి తీయాలి. తర్వాత మంచినీళ్లతో ఒత్తిడి పెట్టి కడగాలి. షెడ్లలో ఎగ్గొట్టేది ఈ పనే. తుప్పు తిన్న గుంటల్లోని ఉప్పు వైర్ బ్రష్‌కు లొంగదు, నీళ్లకే కరుగుతుంది. రెండు రోజులు ఆరాక థిన్నర్‌తో తుడిచి ఎపాక్సీ ప్రైమర్ (రేకును గట్టిగా పట్టుకునే అడుగుపూత) రెండు కోట్లు కొట్టించండి. ఈ సైజు బండికి సుమారు 2 లీటర్లు పడుతుంది. అతుకుల్లో సీమ్ సీలర్ ప్రైమర్ మీదే పెట్టి, ఆ పైన ఛాసిస్ బ్లాక్ అనే నల్లరంగు వేయించాలి. తుప్పును గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ మందు బ్రష్ చేరని మూలలకే. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నదైతే కడగకుండా వదిలేస్తే ఎపాక్సీ పట్టు వదిలేస్తుంది. ఉదయాన్నే పూత పని మొదలుపెట్టనివ్వకండి. చల్లటి రేకు మీద కంటికి ఆనని చెమ్మ ఉంటుంది. అక్టోబరు వానలు రాకముందే ముగించాలి.

బ్రేక్ హోసులు, బ్లీడర్లు (బ్రేకుల్లోంచి గాలి తీసే మరలు), రబ్బరు బుష్‌ల మీద పూత పడకుండా టేపు చుట్టించండి. నీరు కారే రంధ్రాల్లో అగ్గిపుల్లలు గుచ్చి, పూత గట్టిపడకముందే లాగేయండి. ఆ రంధ్రం మూసుకుపోతే మిగతా ఖర్చంతా దండగే.

ప్రశ్న: ఛాసిస్ పెట్టెల (లోపల డొల్లగా ఉండే కడ్డీల) లోపలికి బ్రష్ పోదు కదా, అక్కడ ఏం చేయాలి?

జవాబు: లోపలికి క్యావిటీ వ్యాక్స్, అంటే తుప్పు పట్టకుండా డొల్లల్లో చిమ్మే మైనం. వెల్డింగ్, రంగు అన్నీ అయ్యాకే. ముందే కొడితే వెల్డింగ్ వేడికి కాలిపోతుంది. డబ్బాను వేడినీళ్లలో ఉంచి పలచబరచాలి, పొయ్యి మీద పెట్టకూడదు. చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న సన్నటి గొట్టాన్ని పెట్టె చివరిదాకా దూర్చి, కొడుతూ మెల్లగా వెనక్కి లాగాలి. కింది రంధ్రంలోంచి బొట్లు కారితే అంతటా చేరిందని గుర్తు. కిందకు అట్టలు పరచండి, ఒక రోజంతా కారుతూనే ఉంటుంది. మర్నాడు రంధ్రాలను తీగతో పొడవండి. రెండేళ్లకోసారి మళ్లీ కొట్టించాలి.

ప్రశ్న: కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తే చాలంటారు. నిజమేనా? (పెరంబూరు)

జవాబు: రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, దుమ్ము పట్టి ముద్దకడుతుంది, బ్రేకు డ్రమ్ముల దాకా కారే ప్రమాదమూ ఉంది. పూయకండి. హెరాల్డ్ ముందు చక్రాల దగ్గరి కింది ట్రునియన్లకు (చక్రం పక్కలకు తిరిగే మర కీళ్లకు) మాత్రం ఆయిలే కావాలి, అదీ ఇ.పి. 90 గేర్ ఆయిల్. గ్రీజు గన్ పెట్టేవాళ్లు ఎక్కువ. గ్రీజు మరల్లోకి సరిగా చేరక అక్కడ తుప్పు పట్టి, ఓ రోజు వర్టికల్ లింక్ (చక్రాన్ని మోసే నిలువు కడ్డీ) విరిగి చక్రం వాలిపోతుంది.