వారం వారం చార్టు చూసి ఏడాది నెంబర్ వన్ పాటను ముందే చెప్పొచ్చా?

అడిగింది ఇదీ: అమెరికాలో వారం వారం టాప్ వంద పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టుని ఫాలో అయితే, డిసెంబర్‌లో వాళ్లు విడుదల చేసే ఆ ఏడాది మొత్తం లిస్టులో మొదటి పాట ఏదో ముందే పసిగట్టగలమా?

పసిగట్టొచ్చు. ఆగస్టుకి పోటీ రెండు మూడు పాటలకు దిగుతుంది, అక్టోబర్ కల్లా దాదాపు తేలిపోతుంది. డల్లాస్‌లో మా ఆఫీసులో ఏటా దీని మీద పందెం నడుస్తుంది. గెలిచినవాళ్లే అందరికీ బిర్యానీ పెట్టించాలి, అదేం రూలో నాకిప్పటికీ అర్థం కాదు. కొత్తగా చేరినవాళ్లంతా ఒకే లెక్కతో వస్తారు: ఏ పాట ఎక్కువ వారాలు నెంబర్ వన్‌గా ఉంటే దాని మీద కట్టేయడం. ఆ లెక్క చాలాసార్లు ముంచుతుంది.

2024 సంగతే చూడండి. షబూజీ పాడిన ‘ఎ బార్ సాంగ్’ మొత్తం 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. టెడ్డీ స్విమ్స్ ‘లూజ్ కంట్రోల్’ అక్కడ ఉన్నది ఒకే ఒక్క వారం. ఏడాది లిస్టులో మాత్రం స్విమ్స్ ఒకటి, షబూజీ రెండు. లిస్టే తప్పని మా టీంలో పెద్ద గొడవైంది.

లిస్టులో తప్పేమీ లేదు. బిల్‌బోర్డ్‌వాళ్ల ఏడాది జనవరిలో మొదలవదు. ఈమధ్య అక్టోబర్ చివర్లో మొదలుపెట్టి మరుసటి అక్టోబర్ మూడో వారంతో ముగిస్తున్నారు. షబూజీ పాట నెంబర్ వన్ అయిందే జూలైలో. దాని 19 వారాల్లో చివరివి కొన్ని 2025 ఖాతాలోకి పోయాయి. ‘లూజ్ కంట్రోల్’ అప్పటికే చార్టులో ఉంది కాబట్టి మొదటి వారం నుంచీ దానికి జమ పడుతూనే ఉంది. 2022లోనూ ఇదే కథ. హ్యారీ స్టైల్స్ ‘యాజ్ ఇట్ వాజ్’ 15 వారాలు పైన ఉన్నా, గ్లాస్ యానిమల్స్ ‘హీట్ వేవ్స్’ దాన్ని దాటేసింది. చార్టులోకి వచ్చిన 59వ వారంలో గానీ నెంబర్ వన్ కాని పాట అది! అందుకే పందెం మొదలయ్యేనాటికి టాప్ 10లో ఉన్న పాటను పాతదని కొట్టేయకండి.

నేను ముందుగా చూసే అంకె, టాప్ 10లో ఎన్ని వారాలు ఉందని. వారం వారం ర్యాంకులు రాసుకునే నా షీటులో టాప్ 10 గడికి పసుపు రంగు వేస్తాను. 2021లో దువా లిపా ‘లెవిటేటింగ్’ వరస పసుపు పూసినట్టే ఉండేది. రెండో స్థానం దాటి పైకి పోనేలేదు, కానీ 41 వారాలు టాప్ 10లో గడిపింది. ఆ ఏడాది నెంబర్ వన్ అదే. 2000లో ఫెయిత్ హిల్ ‘బ్రీత్’ కూడా వారం చార్టులో ఎన్నడూ మొదటికి రాకుండానే ఏడాదిని గెలుచుకుంది.

ఇలా నిలబెట్టేది ఎక్కువగా రేడియో. స్ట్రీమింగ్, రేడియో, అమ్మకాలు మూడూ కలిపే హాట్ 100 వేస్తారు. కుర్రకారు ఒక పాటను విని విని వదిలేశాక కూడా రేడియో స్టేషన్లు నెలల తరబడి వేస్తూనే ఉంటాయి. డెంటిస్ట్ దగ్గర కూర్చున్నప్పుడు, కిరాణా షాపు లైన్లో నిలబడ్డప్పుడు ఇంకా అదే పాట వినిపిస్తోందంటే దాని పని అయిపోలేదన్నమాట.

లెక్క వేయాలనుకుంటే 101 లోంచి ర్యాంకు తీసేసి ప్రతి వారం కూడుతూ పోండి. నెంబర్ వన్‌కి 100, ఎనిమిదికి 93. పది వారాలు పైన ఉండి మాయమైన పాటకు వెయ్యి వస్తే, ముప్పై వారాలు ఎనిమిదిలో ఉన్నదానికి 2,790. ఒకప్పుడు ఏడాది లిస్టును ఇంచుమించు ఇలాగే వేసేవారు. 1991 చివర్లో కంప్యూటర్ లెక్కలు వచ్చాక ర్యాంకులు కాకుండా అమ్మకాలు, రేడియో లాంటి అసలు అంకెలనే కూడుతున్నారు కాబట్టి, మొదటి రెండు మూడు స్థానాలకు నేను కాస్త ఎక్కువే వేసుకుంటాను.

అలాగని నెంబర్ వన్ వారాలు దండగేం కాదు. 2019లో ‘ఓల్డ్ టౌన్ రోడ్’ 19 వారాలు పైన ఉండి ఏడాదినీ కొట్టేసింది. అది ఏప్రిల్‌లోనే పైకెక్కింది మరి. జూలై తర్వాత ఎక్కిన పాట మీద నేనైతే రూపాయి కూడా పెట్టను.

తెలుగు పాటలకు ఈ పద్ధతి పనిచేయదు. మనవాళ్లు చెప్పుకునే యూట్యూబ్ వ్యూస్ విడుదలైన రోజు నుంచి పోగయ్యే మొత్తం. సంక్రాంతి పాటకూ దీపావళి పాటకూ అందులో పోలికేముంది?

డిసెంబర్‌లో మరియా కేరీ క్రిస్మస్ పాట చూసి మాత్రం టెన్షన్ పడకండి. 1994 నాటి ఆ పాట 2019 నుంచి ప్రతి క్రిస్మస్‌కీ నెంబర్ వన్ అవుతోంది, జనవరి సగానికల్లా చార్టులోంచే మాయమవుతోంది. నా షీటులో దానికి వరస కూడా ఉండదు.