మే 15న దుప్పి కొమ్ములకు బయల్దేరే ముందు, తోడు ఎవరో చెప్పండి

తమ్ముడూ, మోంటానా కొండల్లో రాలిన దుప్పి కొమ్ములు ఏరుకోవడం చట్టం ఒప్పుకుంటుందా, ఎలుగుబంటి మీద చిమ్మే స్ప్రే ఏది కొనాలి, ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలి అని మూడు ప్రశ్నలు వేశావు. ఎవరితో వెళ్తున్నావో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నాకు దిగులేసింది అక్కడే. అమెరికాలోని ఈ రాష్ట్రానికి చదువుకోడానికి వచ్చే మన పిల్లల్లో చాలామంది వారాంతం గదిలో ఒక్కరే ఉండలేక కొండెక్కుతారు, అక్కడా ఒక్కరే తిరుగుతారు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, మిగతాది రాష్ట్ర వన్యప్రాణి శాఖవాళ్ల పేజీలో చూసుకో. సన్ రివర్, బ్లాక్‌ఫుట్-క్లియర్‌వాటర్ లాంటి వన్యప్రాణి నిర్వహణ ప్రాంతాలను చలికాలమంతా మూసి ఉంచుతారు. చాలావాటి గేట్లు మే 15 మధ్యాహ్నం 12 గంటలకు తెరుస్తారు. చలికి చిక్కిపోయిన ఎల్క్‌లను (ఇక్కడి పెద్ద దుప్పులను) మనుషులు పరుగెత్తిస్తే మిగిలిన కాస్త కొవ్వూ కరిగిపోతుంది, కడుపుతో ఉన్నవాటికి అది ప్రాణం మీదికొస్తుంది. ఆ ప్రాంతాల్లోకి వెళ్లడానికి కావాల్సిన కన్జర్వేషన్ లైసెన్స్ దగ్గర పెట్టుకో. ఎల్లోస్టోన్, గ్లేసియర్ లాంటి నేషనల్ పార్కుల్లో ఒక్క కొమ్ము కూడా ముట్టుకోకూడదు. ఇంటికి పంపుదామనే ఆలోచన కూడా మానుకో. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది, అక్కడ రాలిన కొమ్ముతో కూడా చిక్కుల్లో పడతావు. వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. మినహాయింపులు ఉన్నాయిగానీ వాటిని లాయరు దగ్గర తేల్చుకోకుండా స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకోవద్దు.

ఇక కొమ్ముల సంగతి. ఎల్క్ మన కణుజుకు దగ్గరి చుట్టం. మగ ఎల్క్‌లు ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లలో కొమ్ములు రాలుస్తాయి. మ్యూల్ డీర్, తెల్లతోక జింకలవి అంతకు ముందే, శీతాకాలంలోనే రాలిపోతాయి. దక్షిణం వైపు వాలులో మంచు ముందు కరిగి గడ్డి బయటపడుతుంది కాబట్టి మందలు అక్కడ చేరతాయి. కంచె దూకేటప్పుడు, వాగు దాటేటప్పుడు కుదుపుకు కొమ్ము ఊడుతుంది, ఆ చోట్లు వదలకుండా చూడు. పది రెట్లు పెద్దగా చూపే 10×42 బైనాక్యులర్‌తో గట్టు మీద కూర్చుని ఎదుటి వాలును చారలు చారలుగా వెతికితే సగం నడక తప్పుతుంది. పెద్ద కొమ్ము ఒక్కటే మూడు నాలుగు కిలోలుంటుంది, నాలుగు దొరికితే వీపు మీది సంచి మోయలేనంత అవుతుంది. ఆ సంవత్సరపు గోధుమరంగు కొమ్ముకు మంచి ధర వస్తుంది, ఎండకు తెల్లబడి పగుళ్లిచ్చినదానికి రాదు. ఆ డబ్బు మీద ఆశే మనిషిని గుంపు నుంచి విడదీస్తుంది.

రాలిన కొమ్ముకు మొదట్లో గుండ్రని, గరుకైన బొడిపె ఉంటుంది. బొడిపె బదులు పుర్రె ఎముక కనిపిస్తే ఆ జంతువు అక్కడే చచ్చిందన్నమాట. దాన్ని తీసుకోవచ్చా లేదా అన్నది వన్యప్రాణి శాఖ వార్డెన్‌ను అడగాల్సిన మాట. అంతకంటే ముందు తలెత్తి చుట్టూ చూడు. మగ ఎలుగుబంట్లు మార్చి నుంచే గుహల్లోంచి బయటికొస్తాయి. పిల్లలున్న తల్లులు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. లేచీ లేవగానే వాటికి సులువుగా దొరికే మాంసం చలికి చచ్చిన ఎల్క్, జింకలే. అంటే కొమ్ములు ఎక్కడ రాలతాయో కళేబరాలూ అక్కడే ఉంటాయి, ఎలుగుబంటీ అక్కడే తిరుగుతుంది. పైగా కొమ్ములు వెతికేవాడి చూపు ఎప్పుడూ నేల మీదే. మాట్లాడడు, దారిలో నడవడు, పొదల్లో దూరతాడు. 2022 మార్చిలో మోంటానాలోని ప్యారడైజ్ వ్యాలీలో, సిక్స్ మైల్ క్రీక్ దగ్గర కొమ్ముల కోసం వెళ్లిన ఒక స్థానికుణ్ణి గ్రిజ్లీ (ఇక్కడి పెద్ద గోధుమరంగు ఎలుగుబంటి) చంపేసింది. ఆయన స్నేహితుడితో కలిసే వెళ్లాడు. కొండమీద ఇద్దరూ విడిపోయారు. ఆ కొండలు తెలిసినవాడికే అలా జరిగింది.

కొత్తవాళ్లు చేసే పొరపాటూ సరిగ్గా ఇదే. గేటు దగ్గర వందమంది కనబడేసరికి ధైర్యం వస్తుంది. గంట గడిచేసరికి చుట్టూ ఎవరూ ఉండరు. "నువ్వు ఈ గట్టు, నేను ఆ గట్టు, సాయంత్రం కారు దగ్గర కలుద్దాం" అన్న మాట ఎవరన్నా అంటే, ఆ రోజుకు కొమ్ములు వద్దని వెనక్కి తిరుగు. ముగ్గురు నలుగురు ఉండాలి. ఇరవై ముప్పై మీటర్ల ఎడంతో వరసగా, ఒకరికొకరు కనపడుతూ నడవాలి. మిగతావాళ్లు నేల చూస్తుంటే ఒకరు ముందుకూ పక్కలకూ చూడాలి, అరగంటకోసారి ఆ పని మారాలి. వాగు హోరున్నచోట, గాలి ఎదురుగా వీస్తున్నచోట, వంపు తిరిగేముందు గట్టిగా మాట్లాడండి, చప్పట్లు కొట్టండి. అంగట్లో అమ్మే చిన్న గంటలు చాలవు. చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకోవద్దు. మనవాళ్లు దొరక్కపోతే ల్యాబులో పక్కవాణ్ణి పిలువు, యూనివర్సిటీలో కొండలెక్కే క్లబ్బును అడుగు. మొహమాటపడితే ఇక్కడ బతకలేం. పిలిస్తే వస్తారు, నేను ఇన్నేళ్లుగా చూస్తున్నదే చెప్తున్నాను.

కాకులు, గద్దలు ఒకేచోట ముసిరినా, కుళ్లువాసన తగిలినా, మట్టీ గడ్డీ కప్పి కుప్పలా చేసిన కళేబరం కనిపించినా వచ్చినదారినే వెనక్కి వెళ్లిపోండి. ఆ కుప్ప గ్రిజ్లీ దాచుకున్న తిండి. అది పక్క పొదలోనే పడుకుని ఉండొచ్చు.

స్ప్రే మనిషికొకటి కొనాలి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరున్న బేర్ స్ప్రేనే కొను. కనీసం 225 గ్రాముల డబ్బా కావాలి, 25 అడుగుల దూరం పోవాలి, ఆరు సెకన్లకు తగ్గకుండా చిమ్మాలి. మనుషుల కోసం అమ్మే తాళాలగుత్తి సైజు పెప్పర్ స్ప్రే ఇక్కడ పనికిరాదు. గడువు తేదీ చూడు. కొత్త డబ్బాకు భద్రతా క్లిప్పు దగ్గర ప్లాస్టిక్ కట్టు ఉంటే ఇంట్లోనే కత్తిరించు, కొండమీద గోళ్లతో పీకుతూ నిలబడే సమయం ఉండదు. నడుముకో ఛాతీకో ఒరలో పెట్టుకో, సంచి అడుగున పెట్టొద్దు. మందులేని ఖాళీ సాధన డబ్బాలు దొరుకుతాయి, ఒకటి కొని తీయడం, క్లిప్పు లాగడం, నొక్కడం చేతికి అలవాటు చేసుకో. డబ్బాను ఎండలో కారులో వదిలితే పేలొచ్చు. విమానంలో చేతి సంచిలో గానీ చెక్‌ఇన్‌లో గానీ ఒప్పుకోరు. అందులో ఉన్నది మిరపకాయ ఘాటే అయినా ఒంటికి, గుడారానికి చల్లుకుంటే రక్షణ రాదు. ఆరిన మందు వాసనకు ఎలుగుబంట్లు దగ్గరికొస్తాయి.

ఇప్పుడు ఎదురైతే ఏం చేయాలో చెప్తాను. దూరంగా ఉండి అది మిమ్మల్ని చూడకపోతే చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గండి. చూస్తే ఆగండి, అందరూ భుజం భుజం ఆనించి దగ్గరికి చేరండి, స్ప్రే చేతిలోకి తీసి క్లిప్పు లాగండి, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి నడవండి. పరుగెత్తొద్దు. అది గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు. మీదికి ఉరికితే 30 అడుగుల దూరంలోకి రాకముందే, దాని ముందు నేలకు కొంచెం పైగా గురిపెట్టి రెండు మూడు సెకన్లు నొక్కు. అది ఆ మందు మబ్బులోంచి రావాలి. ఆగకపోతే మొహం మీదికే కొట్టు. ఎదురుగాలికి కొంత మందు మీ మొహాన పడుతుంది, అయినా నొక్కడం ఆపొద్దు. అది తిరిగిపోగానే అక్కణ్ణించి కదలండి. మీలో ఎవరికైనా కళ్లలో పడితే రుద్దకుండా చల్లటి నీళ్లతో కడగాలి.

చిన్నప్పుడు విన్న కథ గుర్తుందిగా, ఎలుగుబంటి వస్తే ఒకడు చెట్టెక్కుతాడు, ఇంకొకడు చచ్చినట్టు పడుకుంటాడు. చెట్టు నమ్ముకోవద్దు, నల్ల ఎలుగుబంటి మనకంటే వేగంగా ఎక్కుతుంది. పడుకోవడం కూడా గ్రిజ్లీ ఒంటిమీద పడ్డాకే, అదీ తననో పిల్లల్నో తిండినో కాపాడుకుంటూ పడ్డప్పుడే. బోర్లా పడుకుని, వీపుసంచి తీయకుండా, వేళ్లు మెడ వెనక పెనవేసి, కాళ్లు ఎడంగా చాపి కదలకుండా ఉండాలి. అది వెళ్లిపోయిందని గట్టిగా తేలేదాకా లేవొద్దు. వదలకుండా కొరుకుతుంటే, లేదా దాడి చేసింది నల్ల ఎలుగుబంటి అయితే, రాయో కర్రో దొరికినదాంతో మొహం మీద, ముక్కు మీద కొట్టాలి. రంగు చూసి జాతి తేల్చకు, గోధుమరంగు నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. భుజాల మధ్య మూపురం, పొట్టి గుండ్రని చెవులు ఉంటే గ్రిజ్లీ.

పులిహోర, చికెన్ వేపుడు కట్టుకెళ్లండి, తప్పులేదు. మిగిలినది బిగుతు డబ్బాలో వెనక్కి తెచ్చి కారులో పెట్టి అద్దాలెత్తండి, ఎముకలు పొదల్లోకి విసరొద్దు.

ఆ కొండల్లో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. బయల్దేరేముందు ఊళ్లో ఉండిపోయే ఒకరికి ఈ నాలుగూ మెసేజ్ పెట్టు: కారు ఎక్కడ ఆపుతున్నావు, దాని నంబరేంటి, ఏ వాలు మీదికి వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు. చెప్పిన టైముకు ఎన్ని గంటలు దాటితే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలో కూడా రాయి, లేకపోతే వాళ్లు మొహమాటపడి తెల్లారేదాకా ఆగుతారు. వెతికించే పని కౌంటీ షెరీఫ్‌ది, అంటే జిల్లా పోలీసు అధికారిది. సిగ్నల్ లేనిచోట కూడా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ ఉన్నవాడు ఎవరో కనుక్కుని ఆ రోజుకు అడిగి తీసుకో. ఇవ్వడానికి మనసొప్పకపోతే అతన్నే వెంట రమ్మను.