ఉప్పునీటి చేపల ట్యాంకులో ఉప్పు రీడింగ్ ఎందుకు పెరుగుతోంది

వేళచ్చేరిలో మీ 60 లీటర్ల ట్యాంకులో నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోస్తున్నానని, ఉప్పు ఎంతుందో చూపే రీడింగ్ (నీటి విశిష్ట సాంద్రత) 1.030కి చేరిందని, క్లౌన్ చేపలు నీరసించాయని రాశారు. కారణం ఆ ఉప్పునీళ్లేనండి. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతుంది. చెన్నై ఎండల్లో, అందులోనూ ఫ్యాన్ పెడితే, నీరు ఇంకా త్వరగా తగ్గుతుంది. తగ్గినంత మేర రోజూ ఉప్పు కలపని ఆర్‌వో నీళ్లు పోయండి. బోరు నీళ్లు మాత్రం వద్దు.

ఇప్పుడు పెరిగిన ఉప్పును దించాలంటే కాస్త ట్యాంకు నీరు తీసేసి, అంతే ఆర్‌వో నీరు పోయాలి. రోజుకు 0.001 చొప్పున 1.025 వరకు నెమ్మదిగా దించండి. రొయ్యలు, పీతలు ఉంటే హఠాత్తు మార్పును అసలు తట్టుకోలేవు. టెన్షన్ పడి ఒకేరోజు అంతా మార్చేయకండి, దయచేసి.

300 లీటర్ల ట్యాంకుకు మారాలన్న మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. నీరు ఎక్కువుంటే ఉప్పు, వేడి ఇంత త్వరగా మారవు. కానీ నీటి బరువే 300 కిలోలు దాటుతుంది, రాళ్లు, గాజు, స్టాండు అదనం. అద్దె ఫ్లాట్ అయితే ముందు ఓనరుగారిని అడగండి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి. పాత ట్యాంకు రాళ్లను తడి ఆరకుండా కొత్తదాంట్లోకి మార్చండి, మేలు చేసే బ్యాక్టీరియా ఎక్కువగా వాటిలోనే ఉంటుంది. నీటి పరీక్షలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలను వదలండి.